డైకోఫాల్ – మన మిరప చేలలో కొట్టిన ఒక క్లోరిన్ ఆల్కహాల్

(ఇంటర్ ద్వితీయ సంవత్సరం సైన్సు విద్యార్థులు)



మన వైపు 'మందు' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే, చేలో కొట్టేదీ మందే, సాయంత్రంపూట షాపులో అమ్మేదీ మందే. ఈ వ్యాసంలో మేము రెండో మందు గురించి చెప్పబోతున్నాము. చిత్రమేమిటంటే, రసాయనశాస్త్రం లెక్క ప్రకారం ఇది కూడా ఒక ఆల్కహాలే. దాని పేరు డైకోఫాల్.

ఈ పదార్థాన్నే ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. మేము ఏడో తరగతి చదివే రోజుల్లో మాలో ఒకరి నాన్నగారు ఒక ఆసామి మిరప చేలో కూలికి మందు కొట్టడానికి వెళ్ళారు. మధ్యాహ్నానికి తల తిరిగి, వాంతులు మొదలయ్యాయి. గట్టు మీద పడుకోబెట్టి, తర్వాత ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మందు కొట్టాడు?" అని. వెంట వెళ్ళిన నలుగురిలో ఎవరికీ తెలియదు. "ముడత మందండీ" అన్నారు. "ముడత మందుల్లో ఏది?" అంటే జవాబు లేదు. ఆ రాత్రంతా లక్షణాలను బట్టే వైద్యం చేశారు. మరునాడు పొద్దున మేనమామ చేనికి వెళ్ళి గట్టు పక్కన పడి ఉన్న సీసా వెతికి తెచ్చాడు. దాని మీద 'డైకోఫాల్ 18.5 శాతం ఇ.సి.' అని ఉంది. మూడు రోజులకు ఆయన కోలుకొని ఇంటికి వచ్చారు.

ఈ ఏడాది రసాయనశాస్త్రం క్లాసులో లెక్చరర్ గారు బోర్డు మీద డి.డి.టి. నిర్మాణం గీశారు. మా మిత్రుడు లేచి, "సార్, డైకోఫాల్ అంటే ఏమిటి?" అని అడిగాడు. సారు ఒక్క నిమిషం ఆలోచించి, బొమ్మ మధ్యలో ఉన్న ఒక హైడ్రోజన్‌ను డస్టరుతో తుడిచి, అక్కడ హైడ్రాక్సిల్ గ్రూపు రాసి, "ఇదే" అన్నారు. మాలో చాలామందికి ఆ రోజే పాఠం పుస్తకంలో నుంచి మా ఇళ్ళలోకి వచ్చినట్లనిపించింది. ఆ పాఠాన్నే మీ అందరితో పంచుకుంటున్నాము.

1. పేరులో ఏముంది?

మిథనాల్, ఇథనాల్, గ్లిసరాల్ – ఇవన్నీ 'ఆల్' అనే అక్షరాలతో ముగుస్తాయి. ఆల్కహాల్ అనడానికి అది గుర్తు. డైకోఫాల్ కూడా అంతే. దీని శాస్త్రీయ నామం 2,2,2-ట్రైక్లోరో-1,1-బిస్(4-క్లోరోఫినైల్) ఇథనాల్. పేరు చూసి భయపడనక్కర లేదు. చివరి నుంచి చదివితే సులభంగా అర్థమవుతుంది.

చివర ఉన్నది ఇథనాల్. అనగా రెండు కార్బన్లు, ఒక హైడ్రాక్సిల్ గ్రూపు. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కు 1 అని, పక్క కార్బన్‌కు 2 అని సంఖ్యలిచ్చారు. 1వ కార్బన్ మీద రెండు బెంజీన్ వలయాలు ఉన్నాయి. ఒక్కొక్క వలయానికి ఎదురు కొనలో ఒక్కొక్క క్లోరిన్ ఉంది. 2వ కార్బన్ మీద మూడు క్లోరిన్లు ఉన్నాయి. మొత్తం క్లోరిన్లు ఐదు.

లెక్క వేద్దాం. కార్బన్లు 14, హైడ్రోజన్లు 9, క్లోరిన్లు 5, ఆక్సిజన్ 1. వాటి భారాలు వరుసగా 168, 9, 177.5, 16. మొత్తం అణుభారం 370.5. ఇందులో క్లోరిన్ ఒక్కటే 177.5, అంటే దాదాపు 48 శాతం. సగానికి కొంచెం తక్కువగా క్లోరిన్ ఉన్న ఆల్కహాల్ ఇది. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కు మిగిలిన మూడు చేతులా కార్బన్లే ఉన్నాయి కాబట్టి ఇది తృతీయ ఆల్కహాల్.

2. ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు

క్లోరిన్, ఆల్కహాల్ గ్రూపు రెండూ ఉన్నంత మాత్రాన అన్నీ విషాలని అనుకోకూడదు. అన్నీ ఒకే విధంగా పనిచేయవు కూడా. కొన్ని ఉదాహరణలు:

క్లోరోబ్యుటనాల్ – కొన్ని కంటి చుక్కల మందుల్లోను, ఇంజక్షన్లలోను సూక్ష్మజీవులు పెరగకుండా కొద్దిగా కలుపుతారు.

డైక్లోరోబెంజైల్ ఆల్కహాల్ – గొంతు నొప్పికి చప్పరించే కొన్ని బిళ్ళల్లో ఉంటుంది.

క్లోరల్ హైడ్రేట్ – ఒకే కార్బన్ మీద రెండు హైడ్రాక్సిల్ గ్రూపులున్న పదార్థం. ఒకప్పుడు నిద్రమందు. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లులో కలిపే పదార్థంగా దీని పేరు చెడ్డది.

2-క్లోరోఇథనాల్ – మసాలా దినుసులను ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేసినప్పుడు మిగిలే పదార్థం. మిరప పొడి ఎగుమతిదారులకు ఇది తలనొప్పి. ఐరోపా దేశాలు ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాన్ని కొలిచేటప్పుడు దీన్ని కూడా కలిపి లెక్కిస్తాయి.

కావున పేరు చూసి మంచిచెడ్డలు నిర్ణయించలేము. నిర్మాణం ఏమిటి, ఎంత మోతాదు, ఎక్కడికి చేరుతుంది అనేవి చూడాలి. మన హాస్టల్‌లో ఒకే ఇంటిపేరున్న పిల్లలు నలుగురున్నారు. నలుగురూ ఒకే రకమా?

3. ఒక్క ఆక్సిజన్ తేడా

డి.డి.టి.ని 1874లో ఓత్మార్ జైడ్లర్ అనే విద్యార్థి పరిశోధకుడు తయారు చేశాడు. అది పురుగులను చంపుతుందని 1939లో స్విట్జర్లాండుకు చెందిన పాల్ ముల్లర్ కనుగొన్నాడు. అందుకు ఆయనకు 1948లో నోబెల్ బహుమతి లభించింది. క్లోరల్‌ను, క్లోరోబెంజీన్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సమక్షంలో కలిపితే డి.డి.టి. వస్తుంది. ఇది మన పాఠాల్లో వినే చర్యే.

డి.డి.టి. అణుభారం 354.5. డైకోఫాల్ అణుభారం 370.5. తేడా 16. అంటే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. పరిశ్రమలో డైకోఫాల్‌ను డి.డి.టి. నుంచే తయారు చేశారు. ముందు మధ్య కార్బన్ మీది హైడ్రోజన్ స్థానంలో క్లోరిన్ పెడతారు. తర్వాత నీటితో చర్య జరిపి ఆ క్లోరిన్‌ను హైడ్రాక్సిల్‌గా మారుస్తారు. 1950 దశకంలో అమెరికాలోని రోమ్ అండ్ హాస్ కంపెనీ దీన్ని 'కెల్థేన్' పేరుతో అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఇన్సెక్టిసైడ్స్ కూడా దీన్ని తయారు చేసింది.

ఈ ఒక్క ఆక్సిజన్ వల్ల ఎవరు చస్తారు అనేది మారిపోయింది. డి.డి.టి. దోమలను, ఈగలను, అనేక పురుగులను చంపుతుంది కాని నల్లిని చంపదు. పైగా నల్లిని తినే మిత్ర పురుగులను చంపడం వల్ల డి.డి.టి. కొట్టిన తోటల్లో నల్లి ఇంకా పెరిగింది. డైకోఫాల్ దీనికి తలకిందులు. పురుగుల మీద దాని ప్రభావం తక్కువ, నల్లి మీద ఎక్కువ.

డి.డి.టి. నుంచి తయారైనందువల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. చర్య పూర్తిగా జరగకపోతే సరుకులో డి.డి.టి. మిగిలిపోతుంది. ఈ కారణంతోనే 1980 దశకంలో అమెరికా ప్రభుత్వం డైకోఫాల్ అమ్మకాన్ని ఆపి, డి.డి.టి. మలినం 0.1 శాతం కంటె తక్కువగా ఉన్న సరుకునే తర్వాత అనుమతించింది. మన దేశంలో వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించారు. కాని దాని తమ్ముడు డైకోఫాల్ ఇంకా మూడు దశాబ్దాలకు పైగా చేలల్లో ఉన్నాడు.

4. భౌతిక ధర్మాలు

శుద్ధమైన డైకోఫాల్ తెల్లని స్ఫటిక పదార్థం. సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పరిశ్రమలో తయారయ్యే సరుకు మాత్రం గోధుమ రంగులో, చిక్కని పాకంలా ఉంటుంది.

ఇథనాల్ నీటిలో ఎంతైనా కలుస్తుంది. మరి డైకోఫాల్? లీటరు నీటిలో దాదాపు 0.8 మిల్లీగ్రాములే కరుగుతుంది. హైడ్రాక్సిల్ గ్రూపు ఉన్నా ఎందుకిలా? ఆ ఒక్క గ్రూపు నీటివైపు లాగితే, రెండు బెంజీన్ వలయాలు, ఐదు క్లోరిన్లు నీటికి దూరంగా లాగుతాయి. బలం అటువైపే ఎక్కువ. అందువల్ల ఇది నూనెలో, కొవ్వులో, జైలీన్ వంటి ద్రావణుల్లో బాగా కరుగుతుంది.

ఇప్పుడు చేలోకి వద్దాం. పూర్వం సిఫారసు చేసిన మోతాదు లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. సీసాలో ఉన్నది 18.5 శాతం. అంటే లీటరు నీటిలో పడే అసలు డైకోఫాల్ దాదాపు 0.9 గ్రాము, అనగా 900 మిల్లీగ్రాములు. కరిగేది 0.8 మిల్లీగ్రాము, పోసేది 900 మిల్లీగ్రాములు! మిగిలినదంతా ఏమైంది? సన్నని నూనె బిందువులుగా నీటిలో తేలుతుంది. అందుకే మందు పోయగానే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. 'ఇ.సి.' అనే అక్షరాలకు అర్థం ఇదే – ఎమల్షన్‌గా మారే గాఢ ద్రవం. బిందువులు విడిపోకుండా సబ్బు వంటి పదార్థాన్ని ముందే కలిపి ఉంచుతారు.

అదే సబ్బు వంటి పదార్థం, అదే ద్రావణి మన చర్మం మీద కూడా పనిచేస్తాయి. చర్మం పైపొరలో కొవ్వు ఉంటుంది. కొవ్వులో కరిగే మందుకు అది తెరిచిన తలుపు. వీపు మీద కారే పంపు, తడిసిన చొక్కా, మందు నీళ్ళలో ముంచి కలిపిన చేయి – ఇవన్నీ దారులే. నోట్లో పడితేనే ప్రమాదం అనుకోవడం పొరపాటు.

5. రసాయన ధర్మాలు: క్షారం అంటే పడదు

డైకోఫాల్ ఆమ్ల మాధ్యమంలో నిలకడగా ఉంటుంది. క్షారం తగిలితే విడిపోతుంది. విడిపోయి రెండు ముక్కలవుతుంది. ఒకటి డైక్లోరోబెంజోఫినోన్ (అణుభారం 251), రెండోది క్లోరోఫారం (అణుభారం 119.5). రెండూ కలిపితే 370.5. ద్రవ్యనిత్యత్వ నియమం సరిపోయింది.

ఇలా ఎందుకు విడిపోతుంది? క్షారం హైడ్రాక్సిల్ గ్రూపులోని హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. మిగిలిన ఆక్సిజన్ కార్బన్‌తో ద్విబంధం ఏర్పరచుకుంటుంది. అప్పుడు పక్కనున్న మూడు క్లోరిన్ల కార్బన్ ఊడిపోయి, నీటి నుంచి హైడ్రోజన్ తీసుకొని క్లోరోఫారం అవుతుంది. క్లోరల్‌ను క్షారంతో చర్య జరిపితే క్లోరోఫారం వస్తుందని మనం చదువుకున్నాము. ఇదీ ఆ పోలికే. డి.డి.టి.లో హైడ్రాక్సిల్ లేదు కాబట్టి దానికి ఈ దారి లేదు.

అర్ధాయువు అంటే ఉన్న పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం. నీటిలో డైకోఫాల్ అర్ధాయువు ఇలా ఉంటుందని కొలిచారు:

పీహెచ్ 5 వద్ద – నెలన్నర నుంచి మూడు నెలల లోపు
పీహెచ్ 7 వద్ద – సుమారు 3 నుంచి 4 రోజులు
పీహెచ్ 9 వద్ద – సుమారు 26 నిమిషాలు

పీహెచ్ 5 నుంచి 9కి వెళితే నెలలు నిమిషాలైపోయాయి! మన పెద్దలు "ఆ మందు పని చెయ్యలేదురా, కల్తీది" అన్న సందర్భాలు కొన్నింటికి కారణం ఇక్కడ ఉండి ఉండవచ్చు. ఉప్పదనం, క్షారగుణం ఉన్న బోరు నీళ్ళలో కలిపి చాలాసేపు నిలవ ఉంచితే, లేదా సున్నం కలిసే బోర్డో మిశ్రమం వంటి వాటితో కలిపి కొడితే, మందు డ్రమ్ములోనే చచ్చిపోతుంది. నల్లి బతుకుతుంది. రైతు మళ్ళీ మందు కొంటాడు, కూలీ మళ్ళీ పంపు ఎత్తుకుంటాడు.

అయితే క్షారంతో విడిపోతుంది కదా, ఇక భయమేమిటి అనకూడదు. ఎండిన మట్టికి, ఆకుకు, దుమ్ముకు అంటుకున్నది నీటిలో ఉన్నంత త్వరగా విడిపోదు. విడిపోయిన డైక్లోరోబెంజోఫినోన్ కూడా క్లోరిన్లున్న పదార్థమే.

6. ఉపయోగం: నల్లి మీద

నల్లి పురుగు కాదు. పురుగుకు ఆరు కాళ్ళు, ఎదిగిన నల్లికి ఎనిమిది. అది సాలీడు, తేలు వంశానిది. మిరపను ఆశించే తెల్లనల్లి పరిమాణం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. భౌతికశాస్త్రం లేబులోని భూతద్దంతో లేత ఆకు అడుగున చూస్తేగాని కనిపించదు. వారం రోజుల్లో ఒక తరం పూర్తి చేసుకుంటుంది.

మిరప రైతు బిడ్డలందరికీ తెలిసి ఉండవలసిన గుర్తు ఒకటుంది. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెలా కనిపిస్తే అది తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకొని, కాడ సాగి, తిరగేసిన పడవలా కనిపిస్తే అది నల్లి పని. మన ఊళ్ళలో రెండింటినీ కలిపి 'ముడత' అనే అంటారు, 'బొబ్బర' అనీ అంటారు. పై ముడతకు నల్లి మందు కొడితే డబ్బు దండుగ, ఒంటికి చేటు. 2021–22లో నల్ల తామర పురుగు మన మిరపను ఊడ్చేసినప్పుడు వారానికి రెండుసార్లు చొప్పున చేతికందిన మందల్లా కొట్టిన చేలను మేము కళ్ళారా చూశాము.

డైకోఫాల్ తాకిడి మందు. మొక్క లోపలికి పాకదు. నల్లి ఒంటికి తగలాలి. అందుకే ఆకు అడుగుభాగం తడిసేలా కింది నుంచి పైకి కొట్టమనేవారు. అలా కొట్టే మనిషి ముఖం మీదికే తుంపర వస్తుంది. మిరప నడుము ఎత్తు పెరిగాక మొక్కల మధ్య నడిచే కూలీ నడుము దాకా తడిసిపోతాడు.

మన గడ్డ మీద నల్లి ఎందుకంత పెరిగింది? జవాబు కోసం పత్తి చేలోకి వెళ్ళాలి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో (2022లో వీటి నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి) 1980 దశకంలో పత్తి విపరీతంగా పెరిగింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట బాగా పనిచేశాయి. పదే పదే కొట్టేసరికి శనగపచ్చ పురుగు వాటికి లొంగకుండా పోయింది. తెల్లదోమ విజృంభించింది. 1987–88లో పంట పోయి, అప్పులు తీర్చలేక మన జిల్లాల పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దలందరికీ గుర్తుంది. ఆ మందులే నల్లిని తినే సాలీళ్ళను, అక్షింతల పురుగులను, మిత్రనల్లులను చంపేశాయి. అడ్డు లేకపోవడంతో నల్లి పెరిగింది. నల్లి కోసం డైకోఫాల్ వచ్చింది. ఒక మందు చేసిన ఖాళీలోకి ఇంకొక మందు వచ్చిందన్నమాట. 2002లో బి.టి. పత్తి వచ్చాక కాయతొలిచే పురుగుల మందులు కొంతకాలం తగ్గాయి కాని, రసం పీల్చే పురుగులకు, నల్లికి బి.టి. జన్యువుతో సంబంధం లేదు.

7. ఎందుకు నిషేధించారు?

కొవ్వులో కరిగే పదార్థం ఒంట్లో చేరితే మూత్రంలో త్వరగా పోదు. కొవ్వులో దాక్కుంటుంది. నీటి నుంచి చిన్న జీవికి, దాని నుంచి చేపకు, చేప నుంచి పక్షికి వెళ్ళే కొద్దీ పోగవుతుంది. డి.డి.టి. విషయంలో పక్షుల గుడ్ల పెంకులు పలచబడడం మనం చదువుకున్నాము. డైకోఫాల్ వల్ల కూడా గుడ్ల పెంకులు పలచబడతాయని ప్రయోగాల్లో తేలింది.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో అపోప్కా అనే పెద్ద చెరువు ఉంది. 1980లో దాని పక్కనున్న టవర్ కెమికల్ కంపెనీ నుంచి డైకోఫాల్, డి.డి.టి. కలిసిన వ్యర్థాలు చెరువులోకి పొంగి వెళ్ళాయి. తర్వాతి సంవత్సరాల్లో అక్కడి మొసళ్ళ సంతతి బాగా పడిపోయింది. లూయిస్ గిల్లెట్ అనే శాస్త్రవేత్త బృందం పరీక్షించి, పిల్ల మొసళ్ళలో సంతాన సంబంధమైన హార్మోన్లు తారుమారైనట్లు కనుగొంది. ఆ చెరువులోకి చుట్టుపక్కల పొలాల మందులు కూడా చేరేవి కాబట్టి నేరమంతా ఒక్కదాని మీదే వేయలేము. కాని క్లోరిన్ మందులు హార్మోన్లను కదిలించగలవని ప్రపంచానికి చెప్పిన మొదటి ఉదాహరణల్లో అది ఒకటి.

తర్వాత జరిగినవి క్లుప్తంగా:

2008 – ఐరోపా సమాఖ్య డైకోఫాల్‌కు అనుమతి నిరాకరించింది.
2019 – దీర్ఘకాలం నిలిచే కాలుష్య కారకాలపై ఏర్పడిన స్టాక్‌హోం ఒప్పందం సభ్యదేశాలు జెనీవాలో సమావేశమై, ఏ మినహాయింపూ లేకుండా తొలగించవలసిన జాబితాలో డైకోఫాల్‌ను చేర్చాయి.
2020 – మన కేంద్ర వ్యవసాయ శాఖ 27 మందుల నిషేధానికి ముసాయిదా ప్రకటించింది. అందులో డైకోఫాల్ ఉంది.
2023 – డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్ మందులను నిషేధిస్తూ ఉత్తర్వులు వచ్చాయి.

కావున ఈ వ్యాసంలో చెప్పిన మోతాదు చరిత్ర మాత్రమే, సలహా కాదు. ఇప్పుడు మిరప నల్లికి నీటిలో కలిసే గంధకం, ప్రోపర్గైట్, స్పైరోమెసిఫెన్, ఫెన్‌పైరాక్సిమేట్ వంటివి ఉన్నాయి. ఏది, ఎంత, ఎప్పుడు అనేది లాం ఫారం శాస్త్రవేత్తలను గాని, ఊరిలోని వ్యవసాయ సహాయకులను గాని అడిగి తెలుసుకోవాలి.

8. డబ్బా మీద త్రికోణం చదవడం

చదువురాని వారికి కూడా తెలియాలని ప్రతి మందు డబ్బా మీద రంగు గుర్తు వేస్తారు. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగం ఎలుకలు చనిపోయే మోతాదును బట్టి ఆ రంగు ఉంటుంది. కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క.

ఎరుపు: 1 నుంచి 50 – అత్యంత విషం
పసుపు: 51 నుంచి 500 – అధిక విషం
నీలం: 501 నుంచి 5000 – ఒక మాదిరి విషం
ఆకుపచ్చ: 5000 పైన – స్వల్ప విషం

డైకోఫాల్‌కు ఈ సంఖ్య దాదాపు 580. అంటే ఈ లెక్కన నీలం గుంపులో పడుతుంది. ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. ఆ రంగు చెప్పేది ఒక్కసారి ఒంట్లోకి పోతే ఏమవుతుంది అన్నది మాత్రమే. ఇరవై ఏళ్ళు ప్రతి సీజనులో కొంచెం కొంచెంగా పోతే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఎరుపు కాదు కదా అని ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోని వారి పక్కన పెరిగిన పిల్లలం మనం. ప్రపంచమంతా కలిసి నిషేధించిన మందు నీలం గుంపులోది అన్న సంగతి మరువరాదు.

ఇక డాక్టరు గారి ప్రశ్నకు వద్దాం. పేరు ఎందుకంత ముఖ్యం? మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఫాస్ఫరస్ మందులైతే అట్రోపిన్ ఇస్తారు. డైకోఫాల్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. లక్షణాలను బట్టి వైద్యం చేయాలి. ఏది తగిలిందో తెలిస్తే డాక్టరు వెంటనే సరైన దారిలో వెళతారు. తెలియకపోతే ఆ సమయం రోగి ఖాతాలో నుంచి పోతుంది.

9. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు

మన అమ్మానాన్నల్లో ఎక్కువమంది సొంత చేలో కాదు, ఇతరుల చేలో మందు కొడతారు. డబ్బా కొనేది ఒకరు, కలిపేది ఒకరు, మోసేది మనవాళ్ళు. డబ్బా మీది చిన్న అక్షరాలు వారు చదవలేకపోవచ్చు. మనం చదవగలం. అందుకని మేము ఈ సంక్రాంతి నుంచి కొన్ని పనులు పెట్టుకున్నాము. మీరూ చేయండి.

ఒకటి: ఇంట్లో ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఎవరి చేలో, ఏ మందు కొట్టారో రాయండి. రెండు మూడు కలిపి కొడితే అన్ని పేర్లూ రాయండి. సెల్‌ఫోన్ ఉంటే డబ్బా ఫోటో తీసి ఉంచండి.

రెండు: మందు కొట్టిన మనిషికి తల తిరిగినా, వాంతి వచ్చినా పని ఆపించి, గాలి తగిలే చోటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పి, సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడగండి. మందు మింగిన వారికి బలవంతంగా వాంతి చేయించవద్దు. ఇ.సి. మందుల్లోని ద్రావణి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేయండి. డబ్బా లేక లేబులు తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.

మూడు: ఖాళీ డబ్బాల్లో కిరోసిన్, నూనె, కారం పోయవద్దు. ఎంత కడిగినా నూనెలో కరిగేది నీళ్ళతో పోదు. ఎందుకో 4వ భాగంలో చదివారు.

నాలుగు: పాకలోనో, చూరులోనో పాత డైకోఫాల్ సీసా ఉంటే కాలువలో పారబోయవద్దు, వాడనూ వద్దు. పిల్లలకు అందకుండా మూత బిగించి ఉంచి, వ్యవసాయ సహాయకునికి చెప్పండి.

ఐదు: మందు కొట్టిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దని అమ్మకు చెప్పండి. చాలా ఇళ్ళలో ఆ బట్టలు ఉతికేది అమ్మే. చేనికి వెళ్ళకపోయినా ఆమెకూ మందు తగులుతోంది.

అభ్యాసం

తమ్ముళ్ళు ఈ ప్రశ్నలకు జవాబులు రాసి మాకు చూపించండి.

(1) డి.డి.టి.లో క్లోరిన్ శాతం ఎంత? డైకోఫాల్ కంటె ఎక్కువా, తక్కువా? ఎందుకు?
(2) పీహెచ్ 9 నీటిలో 104 నిమిషాల తర్వాత డైకోఫాల్ ఎన్నో వంతు మిగులుతుంది? (సూచన: 104ను 26తో భాగించండి.)
(3) 370.5 గ్రాముల డైకోఫాల్ పూర్తిగా విడిపోతే ఎంత క్లోరోఫారం వస్తుంది?
(4) ఆకు పైకి ముడుచుకుంది. నల్లి మందు కొట్టవచ్చా?

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మీలో టీచర్లు, నర్సులు, వ్యవసాయ శాఖలో పనిచేసేవారు, మందుల కొట్టు నడిపేవారు కూడా ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక గంట మాతో కూర్చొని ఇప్పుడు వాడుతున్న మందుల లేబుళ్ళు ఎలా చదవాలో నేర్పండి. డైకోఫాల్ పోయింది, దాని చోటికి వేరే పేర్లు వచ్చాయి. ఆ పేర్లు మాకు పరీక్షల్లో రావు. కాని ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగినప్పుడు కావాలి.

మా మిత్రుని నాన్నగారు ఇప్పటికీ కూలికి వెళుతున్నారు. ఈ దసరా సెలవుల్లో మావాడు ఆయనకు నిర్మాణం బొమ్మ గీసి చూపించి, ఆ రోజు ఒంట్లోకి పోయింది ఇదేనని చెప్పాడట. ఆయన కాసేపు చూసి, "అంతా నాకర్థం కాలేదు గాని, పేరు మాత్రం ఇంకోసారి చెప్పరా" అన్నారట. మావాడు చెప్పాడు. ఆయన రెండుసార్లు అనుకొని గుర్తుపెట్టుకున్నారు.